నక్షాలో లేని ఊళ్లు

నక్షా అన్న మాట మనకు ఉర్దూ ద్వారా వచ్చినది. హద్దు అన్న మాటా అంతే. తహసీలు కచ్చేరీ మెట్లెక్కిన తెలుగు రైతు ఈ రెండు మాటలూ పరాయివని ఎన్నడూ తలచలేదు. తన పొలం హద్దులు ఎక్కడివో నక్షాలో చూపమని తరతరాలుగా అడుగుతూనే ఉన్నాడు. రెండు భాషలకూ నీడనిచ్చే మన కళాశాల పత్రికలో ఈ మాటలతో ఆరంభించడం ఉచితమని తోచినది. ఐతే నేను చెప్పదలచినది భాషను గూర్చి కాదు. నక్షా గీసే అధికారం ఎవరిది, గీసిన తరువాత అది ఎవరి సొత్తు అన్నది నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు, తరగతి గదిలో ఎదురైనది. గోడకు పటం వ్రేలాడదీసి, ఎవరి ఊరు వారు చూపండని అడిగాను. మైదానపు పిల్లలు చకచక వ్రేలు పెట్టి చూపారు. అరకు పైకొండల నుండి వచ్చిన ఒక విద్యార్థి చాలసేపు వెదకి, "మా గెడ్డ ఉన్నదండీ, మా ఊరు లేదు" అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వాగును చూసినవాడికి వాగు ఒడ్డున నీళ్లు తాగే మనుషులు కనిపించలేదా?

కారణం లేకపోలేదు. మనకు సాధారణంగా దొరికే సర్వే పటంలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరుకు సమానం. పది ఇళ్ల గూడెం అందులో సూదిమొన పెట్టినంత చుక్క. పైగా కొండలలో ఊరు అంటే మైదానంలో వలె ఒక్కచోట కుదురుకొన్న ఊరు కాదు. ఒక పంచాయతీ క్రింద అనేక శివారు గూడేలు, ఒకటి ఈ వాలున, మరొకటి ఆ లోయలో, ఇంకొకటి మెట్టపైన ఉంటాయి. కాగితం మీద పంచాయతీ పేరు ఒక్కటే ఉంటుంది. మిగిలినవన్నీ ఆ పేరు నీడలో మాసిపోతాయి.

మన దేశంలో భూమిని శాస్త్రీయంగా కొలవడం నిన్న మొన్నటిది కాదు. సర్వే ఆఫ్ ఇండియా 1767లోనే ఏర్పడినది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత పరంగిమల వద్ద ఆధారరేఖను కొలిచి మహా త్రికోణమితి సర్వేకు శ్రీకారం చుట్టాడు. ఆయనకు సహాయకుడుగా హైదరాబాదు వచ్చిన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో అడుగుపెట్టి, అడవి జ్వరానికి చిక్కి, కోలుకొనడానికి ఆఫ్రికా దక్షిణ కొన దాకా పోవలసి వచ్చినది. తరువాత ఆయన పేరు లోకంలోకెల్ల ఎత్తైన శిఖరానికి అమరినది. ఆయనతోపాటు జ్వరపడి ఆ అడవులలోనే ఒరిగిపోయిన ఖలాసీల పేర్లు, జెండాలు మోసినవారి పేర్లు శిఖరాలకు కాదు కదా, కాగితానికి కూడ ఎక్కలేదు. ఆ సర్వేకు కావలసిన సున్నితమైన యంత్రాలను కలకత్తాలో మరమ్మతు చేసి నిలబెట్టిన శిల్పి ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. శిఖరపు ఎత్తును లెక్కగట్టిన గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్. ఈ ఇద్దరి పేర్లూ మన విద్యార్థులలో ఎందరు విన్నారో చేయెత్తి చెప్పమంటే తెలుస్తుంది.

ఇంత శ్రమతో తయారైన పటాలు చాలకాలం సామాన్యుడి చేతికి రాలేదు. 2005 నాటి జాతీయ పటవిధానం రక్షణ అవసరాల పటాలనూ ప్రజల పటాలనూ రెండు శ్రేణులుగా విడదీసినది. 2017లో సర్వే ఆఫ్ ఇండియా తన ప్రజాపటాలను పౌరులకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టి ఆ ఏర్పాటుకు 'నక్షే' అని పేరు పెట్టినది; ఉర్దూ శాఖవారు సంతోషించదగిన విషయం. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాలతో భారతీయులు ముందస్తు అనుమతుల కోసం తిరగకుండానే భూమిని కొలిచి పటాలు చేసుకొనే వీలు కలిగినది. రెండు వందల ఏళ్లు మూసి ఉన్న తలుపు తెరుచుకొన్నదన్నమాట. తెరుచుకొన్న తలుపులో నుండి ముందుగా ఎవరు నడుస్తారన్నది వేరే సంగతి.

ఆ తలుపు మూసి ఉన్న రోజులలోనే ప్రపంచంలో మరొక దారి పడినది. 1982లో అమెరికా సైన్యపు ఇంజనీరింగు పరిశోధనశాలలో పుట్టిన 'గ్రాస్' అనే పటవిశ్లేషణ సాధనం కాలక్రమాన సైన్యం చేయి విడిచి, 1999లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు క్రింద అందరిదీ అయినది. 2002లో గ్యారీ షెర్మన్ ఆరంభించిన 'క్యూజిస్' నేడు సాధారణమైన కంప్యూటరు మీద కూడ పనిచేస్తుంది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్' ఎవరైనా దిద్దగల ప్రపంచ పటం. ఈ సాధనాలను కాపాడుకొనే వారంతా 2006లో 'ఓఎస్‌జియో' అనే సంస్థగా కూడారు. వారి ఆసియా సమ్మేళనం 2017 జనవరిలో మన హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలోనే జరిగినది.

వీటికి ధర లేదన్నది చిన్న విషయం. లక్షలు పోసి కొనవలసిన సాఫ్ట్‌వేరును కళాశాలకు ఎవరైనా దాత కొనిపెట్టవచ్చు కూడ. అసలు విశేషం వేరే ఉన్నది. స్వేచ్ఛా సాధనంలో లెక్క ఎట్లా జరిగినదో లోపలికి తొంగి చూడవచ్చు, తప్పు పట్టవచ్చు, దిద్దవచ్చు. కొండప్రాంతంలో ఈ స్వేచ్ఛ ఎందుకు కావాలో రెండు ఉదాహరణలతో చెబుతాను.

మన పాత సర్వే పటాలు ఎవరెస్టు 1830లో లెక్కగట్టిన భూగోళపు ఆకృతిని ఆధారం చేసుకొన్నవి. నేటి చేతి ఫోను ఉపగ్రహాలను ఆధారం చేసుకొని వేరొక ఆకృతితో లెక్కిస్తుంది. ఈ రెండింటినీ మార్పిడి చేయకుండా ఒకదానిపై ఒకటి పరిస్తే పెద్ద తేడా వస్తుంది. మైదానంలో ఆ తేడా అంటే పక్క మడి. కొండలో ఐతే గట్టు ఇవతల ఉన్న పొలం గట్టు అవతలి రిజర్వు అడవిలో పడుతుంది. మార్పిడి సరిగా చేశారా అని అడగడానికి గూడెపువాడికి హక్కు ఉండాలంటే, ఆ లెక్క తెరిచిన పుస్తకం వలె ఉండాలి.

రెండవది వాలు. పటంలో చూపే విస్తీర్ణం ఆకాశం నుండి చూసిన సమతల విస్తీర్ణం. 30 డిగ్రీల వాలున ఉన్న నేలను కాలి అడుగులతో కొలిస్తే వంద గజాలైనది పటంలో సుమారు 87 గజాలే అవుతుంది. తాను దున్నినంత నేల కాగితంలో లేదని కొండరైతు గొణిగితే అది అజ్ఞానం కాదు. అతడు కొలిచినది నేలను, అధికారి కొలిచినది నేల నీడను. దీనికి తోడు చేతి ఫోను చెప్పే స్థానంలో బయలులోనే సుమారు అయిదు మీటర్ల వరకు పొరబాటు ఉంటుంది. చెట్ల క్రింద, లోయలలో ఇంకా ఎక్కువ. అర ఎకరం చదరపు చెక్క అంటే ఒక్కొక్క ప్రక్క 45 మీటర్లు. నాలుగు ప్రక్కలా అయిదేసి మీటర్లు లోపలికి జరిగితే మిగిలేది 35 మీటర్ల చెక్క, అనగా అయిదు పాళ్లలో రెండు పాళ్లు పోయినట్లే. పెద్ద భూస్వామికి ఇది లెక్కలోని పొరబాటు. అర ఎకరం పోడువానికి మూడు నెలల తిండి.

పోడు మాట వచ్చినది కనుక అటవీ హక్కుల చట్టం సంగతి చెప్పుకోక తప్పదు. 2006 నాటి ఈ చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న నేలపై గిరిజనులకు హక్కు ఇచ్చినది. ఊరి ఉమ్మడి అడవిపై గ్రామసభకు సామూహిక హక్కూ ఇచ్చినది. ఆనాటి సాగును ఎట్లా రుజువు చేయడం? ఉపగ్రహ చిత్రం చూద్దామన్నారు అధికారులు. చిత్రంలో చెట్లు కనిపిస్తే సాగు లేదన్నారు. అరకు కొండలను ఎరిగినవారికి ఇందులోని అన్యాయం వెంటనే తెలుస్తుంది. ఇక్కడి కాఫీ సిల్వర్ ఓక్ నీడలో పెరుగుతుంది, మిరియపు తీగ ఆ చెట్టునే అల్లుకొంటుంది. ఆకాశం నుండి చూస్తే అది అడవి. కొన్నేళ్లు దున్ని, నేలకు విశ్రాంతినిచ్చి విడిచిన పోడు చెక్క కూడ ఆ విశ్రాంతి కాలంలో అడవి వలెనే కనిపిస్తుంది. వానకాలమంతా మబ్బులే కనిపిస్తాయి. కన్ను ఎంత పెద్దదైనా చూడడం నేర్వకపోతే ఏమి లాభం?

2012లో సవరించిన నియమాలు ఉపగ్రహ చిత్రం ఇతర సాక్ష్యాలకు తోడుగా మాత్రమే ఉండాలని, వాటి స్థానాన్ని ఆక్రమించరాదని స్పష్టంగా చెప్పినవి. గుజరాతులో 'ఆర్చ్' సంస్థవారు గ్రామస్థుల చేతనే జి.పి.ఎస్. పట్టించి, ఉపగ్రహ చిత్రాలపై హద్దులు వేయించి, తిరస్కరించబడిన అర్జీలపై హైకోర్టు దాకా వెళ్లారు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అర్జీ తిరస్కరించబడినవారిని ఖాళీ చేయించమన్న ఉత్తర్వు ఇచ్చినప్పుడు దేశమంతటా గిరిజన కుటుంబాలు తల్లడిల్లిపోయినవి. ఆ నెల 28న ఆ ఉత్తర్వును కోర్టే నిలిపివేసినది. పదిహేను రోజులు! తన చెక్క చుట్టూ తానే నడిచి, తన గ్రామసభ ముద్ర వేయించుకొన్న నక్షా ఒకటి ఇంటి దూలాన ఉంటే ఆ పదిహేను రోజుల భయం కొంతైనా తగ్గి ఉండేదని నా నమ్మకం.

ఇక డోలీల సంగతి. ప్రతి వానకాలంలోను, ప్రసవవేదన పడుతున్న తల్లిని కర్రకు దుప్పటి కట్టి నలుగురు మోసుకొని వచ్చిన వార్త పత్రికలలో చూస్తున్నాం. చదివి అయ్యో అనుకొని పుట తిప్పుతున్నాం. 108 వాహనం కొండ అంచుదాకా వచ్చి ఆగుతుంది. అక్కడి నుండి గూడెం ఎంత దూరం, ఏ దారిన జీపు పోతుంది, ఏ దారిన కాలినడకే గతి, ఏ గెడ్డ ఏ నెలలో దాటరాదు అన్న విషయం ఆ గూడెంలో పుట్టినవాడికి తప్ప ఏ కంప్యూటరుకూ తెలియదు. నక్షా రోడ్డు వేయలేదు, నాకు తెలుసు. ఐనా రోడ్డు మంజూరుకు ముందు అడిగే మొదటి ప్రశ్న ఆ దారిన ఎన్ని గూడేలు, ఎన్ని ఇళ్లు అన్నదే కదా!

ఈ పనికి దూరాన కూర్చున్న స్వచ్ఛంద సేవకులు చాలరు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుండి వందలాది మంది ఉపగ్రహ చిత్రాలు చూసి వీధులను గీసి సహాయక దళాలకు అందించారు. అది మెచ్చదగినదే. కాని 2015 ఏప్రిల్ 25న నేపాలు భూకంపంలో మరొక పాఠం కనిపించినది. ఖాట్మండు యువకులు అంతకు రెండేళ్ల ముందునుండే తమ నగరాన్ని తామే కొలిచి ఉంచారు. ఆపద వచ్చిన తరువాత గీయడం వేరు, ముందే గీసి ఉంచడం వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన విశాఖను చీల్చి కొండలపైకి ఎక్కి కాఫీతోటల నీడచెట్లను కూల్చినప్పుడు ఏ గూడెంలో ఏమైనదో తెలియడానికి ఎన్ని రోజులు పట్టినదో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

దూరాన కూర్చుని గీసేవాడు చేసే తప్పులు కూడ ఉన్నవి. ఎండిన గెడ్డ పైనుండి చూస్తే బాట వలె తెల్లగా మెరుస్తుంది. దానిని రోడ్డని గీస్తాడు. అసలు కాలిబాట చెట్ల క్రింద దాగి ఉంటుంది కనుక దానిని వదిలిపెడతాడు. ఇది హాస్యం కాదు. ఆ గీతను నమ్మి రాత్రివేళ బండి నడిపేవాడు ఒకడుంటాడు.

ఈ అభిప్రాయానికి ఒక ఎదురుమాట ఉన్నది, అది బలమైనదే. అందరూ చూడగల నక్షాను అందరూ చూస్తారు. డోలీ మోసేవాడు చూస్తాడు, గని తవ్వేవాడూ చూస్తాడు. అనంతగిరి మండలంలోని బొర్రా పరిసర గ్రామాలలో గనుల లీజుల మీద 'సమత' సంస్థ పోరాడగా, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతర సంస్థలకు లీజుకు ఇవ్వడం చెల్లదని 1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనకు 1970లో జరిగిన సవరణ, మన జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకొనేది, ఆ తీర్పుకు పునాది. అంత కష్టపడి కాపాడుకొన్న నేల వివరాలను మనమే పళ్లెంలో పెట్టి అందించాలా అని ఎవరైనా అడిగితే నేను కాదనలేను.

నా సమాధానం ఇది. గని కంపెనీకి తన నక్షా తనకున్నది. దానికి మన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌తో పనిలేదు. నక్షా లేనిది గూడెం ఒక్కదానికే. ఐనా అన్నీ అందరికీ చూపనక్కరలేదు. దారి, బడి, ఊట, ఆసుపత్రి, గూడెం పేరు ప్రపంచ పటంలోకి వెళ్లవచ్చు. దేవుడి తావులు, మందుమొక్కల చోట్లు, ఊరి ఉమ్మడి అడవి హద్దులు గ్రామసభ సొంత కంప్యూటరులో, క్యూజిస్‌లో, వారి తాళం క్రింద ఉండవచ్చు. స్వేచ్ఛా సాధనం వాడినంత మాత్రాన సమాచారాన్ని సంతలో పరచనక్కరలేదు. ఏది బయటపెట్టాలి, ఏది దాచాలి అన్నది నిర్ణయించవలసింది గ్రామసభ. మనం కాదు, కంప్యూటరు తెలిసిన ఉత్సాహవంతుడైన విద్యార్థి అసలే కాదు. 1996 నాటి పెసా చట్టం ఇచ్చిన గౌరవం అదే.

కొలవకుండా వదిలివేస్తే ఏమవుతుందో చూడాలంటే అరకుకు ఈశాన్యాన కొటియా గ్రామాలకు వెళ్లాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పటి నుండి ఆ కొండల నడుమ హద్దు తేలలేదు. సాలూరు వైపు ఆంధ్రం, కోరాపుట్ వైపు ఒడిశా, నడుమ 21 గ్రామాలు. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకు ఎక్కినది. 2006లో కోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసినది. 2021లో ఆంధ్ర ప్రభుత్వం అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా మరల కోర్టుకు వెళ్లినది. అక్కడి జనం చేతిలో రెండు రాష్ట్రాల కార్డులుంటాయి. రెండు ప్రభుత్వాలు పోటీపడి ఇస్తున్నాయి కనుక వారికి లాభమేనని వేళాకోళం చేసేవారున్నారు. కాని ఏ రాష్ట్రపు అటవీ హక్కు పట్టా చెల్లుతుందో తెలియని రైతుకు ఆ వేళాకోళం రుచించదు. స్వేచ్ఛా పటం ఈ తగవును తీర్చలేదు. ఇళ్లు ఎక్కడున్నవో, వాటికి ఆ ఇళ్లవారు పెట్టుకొన్న పేరేమిటో, ఏ బడికి పిల్లలు పోతున్నారో మాత్రం ఉన్నది ఉన్నట్లు చూపగలదు.

ఈ సాధనాలపై భక్తి అవసరం లేదని చెప్పడానికి ఒక చిన్న ముచ్చట. తూర్పు కనుమలలో ఎత్తైన శిఖరమేది? నా చిన్ననాటి పుస్తకంలో 1501 మీటర్ల మహేంద్రగిరి. తరువాతి పుస్తకాలలో 1680 మీటర్ల అర్మకొండ. మరికొందరు 1690 మీటర్ల జిందగడ అంటారు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడారుతో కొలిచిన ఎత్తుల సమాచారం ఉచితంగా దొరుకుతుంది కదా, తేల్చుకొందామని ఒకరోజు కూర్చున్నాను. మహేంద్రగిరి కాదని సులభంగానే తేలినది. మిగిలిన రెండింటి మధ్య తేడా పది మీటర్లు. ఆ సమాచారంలో అనుమతించిన పొరబాటే పదహారు మీటర్లు. కంప్యూటరు కట్టివేసి, కొండ ఎక్కి కొలవడమే మార్గమని ఒప్పుకొన్నాను. లాంబ్టన్ ఖలాసీలు నవ్వుకొని ఉంటారు.

మన కళాశాల ఏమి చేయగలదు? కంప్యూటరు గది ఉన్నది, సెలవు రోజులలో తాళం వేసి ఉంటుంది. కొండల నుండి వచ్చిన విద్యార్థులున్నారు. వారు నేర్చుకొని వారి ఊరివారికి నేర్పాలి, మనం వారి వెంట పోవాలి. మబ్బులు విడిచి, గెడ్డలు దిగి, దారులు ఆరే కాలం డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు. ముందుగా గ్రామసభ పెద్దలను కలిసి, పని చెప్పి, వద్దంటే తిరిగి రావాలి. ఒప్పుకొంటే దారులతో మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే దారి విషయంలో ఎవరికీ భయం ఉండదు. ఊటలు తరువాత, చెక్కల హద్దులు చిట్టచివర.

పేర్ల దగ్గర మాత్రం తొందర కూడదు. రికార్డులో ఒక పేరు, రోడ్డు పక్క బోర్డు మీద మరొక పేరు, గూడెంలో వినిపించేది మూడవ పేరు. అక్కడ కువి మాట్లాడేవారుంటారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారుంటారు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో ఒక ఊరికి ఎన్ని భాషలలోనైనా పేరు వ్రాసే వీలున్నది: తెలుగు, ఒడియా, ఉర్దూ, ఏదైనా. ఉర్దూ శాఖవారు కుడి నుండి ఎడమకు, మేము ఎడమ నుండి కుడికి వ్రాస్తే అక్షరదోషాలను ఒకరివి ఒకరు పట్టుకొనే అవకాశం కూడ ఉన్నది. ఐతే మొదటి గడిలో ఏ పేరుండాలో ఆ గూడెపు ముసలమ్మను అడిగిన తరువాతనే వ్రాయాలి. నా తరగతిలోని ఆ విద్యార్థి వచ్చే సెలవులలో తన ఊరికి వెళుతున్నాడు. ఆ గెడ్డ పేరు కూడ పటంలో తప్పుగానే ఉన్నదట.